నేర్చిన చెయ్యి

సుభాషిణి కుడిచేతికి చుట్టాల్లో పెద్ద పేరు. ముగ్గు వేస్తే గీత చెదిరేది కాదు. ఆవకాయకు ముక్కలు కొడితే ఒక్క టెంకా నలిగేది కాదు. ఎవరింట పెళ్ళయినా పెళ్ళికూతురికి పూలజడ వెయ్యటానికి ఆమెనే పిలిచేవాళ్ళు. "నీ చేతిలో ఏదో ఉందే" అని మేనత్తలు మురిసిపోయేవాళ్ళు. నిజంగానే ఉంది. అదేమిటో తెలుసుకోవటానికి ఆమెకు యాభై రెండేళ్ళు పట్టింది.

గుంటూరు శివార్లలోని ఒక పరిశోధన సంస్థలో ఆమె పన్నెండేళ్ళుగా కృత్రిమ హస్తం మీద పనిచేస్తోంది. మోటార్లు దొరికాయి, వేళ్ళు కుదిరాయి, మోచేతి నరాలనుంచి సంకేతాలు అందుకోవటమూ చేతనయింది. రానిదల్లా ఇంగితం. కోడిగుడ్డును ఎంత గట్టిగా పట్టాలి, పసిపిల్ల చెయ్యి ఎంత మెత్తగా పట్టాలి, తడి సబ్బు జారితే ఏ వేలు ముందు కదలాలి, ఇవన్నీ సూత్రాలు రాసి ఎక్కించబోతే వాటికి అంతూపొంతూ లేకుండా పోయింది. అప్పుడు సుభాషిణికి ఒక ఆలోచన వచ్చింది. ఇంట్లో పిల్లలకు వంట ఎవరూ సూత్రాలు రాసి నేర్పరు. పొయ్యి పక్కన నిలబడి చూస్తూ వాళ్ళే నేర్చుకుంటారు. ఈ చెయ్యీ అలాగే చూసి నేర్చుకోవాలి.

ఉల్లిపొరంత పల్చటి తొడుగు ఒకటి తయారుచేశారు. మణికట్టు దగ్గర శనగగింజంత కెమెరా పెట్టారు. తొడుక్కున్న మనిషి ఎదుట ఏముంది, దాన్ని చూసి చెయ్యి ఎలా కదిలింది, ఎంత నొక్కింది, అంతా యంత్రం పోగుచేసుకుంటుంది. తరవాత కృత్రిమ హస్తం పెట్టుకున్నవాళ్ళు 'ఇవ్వాలి' అనుకుంటే చాలు, ఎలా ఇవ్వాలో తన కెమెరాతో ఎదుటివాళ్ళను చూసి హస్తమే తేల్చుకుంటుంది. ఎవరి చెయ్యి చూపిద్దామన్న చర్చే రాలేదు. అందరూ సుభాషిణి వైపే చూశారు. ఆరు నెలలపాటు స్నానం చేసేటప్పుడు తప్ప ఆమె ఆ తొడుగు తియ్యలేదు. ఇంట్లో, ల్యాబులో, రైతుబజారులో, మేనకోడలి పెళ్ళిలో ఆమె చెయ్యి ఏం చేస్తే యంత్రం అది నేర్చుకుంది.

మొదటి హస్తం ఎస్తేరుకు పెట్టారు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. మూడేళ్ళ కిందట జిన్నింగు మిల్లులో పత్తితోపాటు ఆమె కుడిచెయ్యి కూడా మణికట్టుదాకా యంత్రంలోకి పోయింది. తల్లి సువార్త మునిసిపాలిటీలో వీధులు ఊడుస్తుంది. తండ్రి లేడు. హస్తం పెట్టిన మొదటి వారంలో ఎస్తేరు తన జాకెట్టు హుక్కులు తనే పెట్టుకుంది. రెండో వారంలో సూదిలో దారం ఎక్కించింది. నెల తిరిగేసరికి ఉడికిన గుడ్డు పొట్టు ఒలిచింది, పిండి కలిపింది, కాలనీలో ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టటం మొదలుపెట్టింది. విలేకరులు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఇంకో పదకొండుమందికి హస్తాలు పెట్టారు. అనుమతులిచ్చే కమిటీ తనిఖీకి తేదీ ఖాయమైంది. సుభాషిణికి కాలు నేలమీద నిలవలేదు.

తనిఖీ ఇంకో పది రోజులుందనగా ఎస్తేరు తల్లిని వెంటబెట్టుకుని ల్యాబుకొచ్చింది.

"చెయ్యి బాగానే పనిచేస్తంది మేడంగారూ," అంది. "మా అమ్మ దగ్గరకొచ్చేసరికే ఏందో మొరాయిస్తంది."

"మొరాయించటమంటే?"

"మంచినీళ్ళిస్తే చేతికియ్యదు, కింద పెట్టిద్ది. అన్నం పెడితే అంతెత్తునించి కంచంలో పడేసిద్ది. మొన్న జొరమొస్తే నుదురు పట్టుకు చూద్దామని చెయ్యి జాపా. ఎనక్కి లాక్కుంది. నేను లాక్కోలా మేడంగారూ, అది లాక్కుంది."

సువార్త గుమ్మం అవతల చెప్పులు విడిచి, గోడవారగా నిలబడి ఉంది. "లోపలికి రా సువార్తా, ఫర్వాలేదు," అంది సుభాషిణి. ఆ మాటలో తప్పేమీ ఆమెకు కనబడలేదు. కూతురి వయసు నర్సుల్ని కూడా మీరు అనే మనిషి, తనకంటే ఆరేళ్ళు పెద్దదాన్ని నువ్వు అంటోందని ఆ రోజుకు ఆమెకు తట్టలేదు.

అక్కడికక్కడే పరీక్ష పెట్టారు. బల్లమీది పెన్ను తీసి రహంతుల్లాకిమ్మన్నారు. ఆ హస్తానికి ప్రోగ్రాములు రాసింది రహంతుల్లాయే, సుభాషిణితో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. హస్తం పెన్ను తీసి పొందిగ్గా అతని వేళ్ళమధ్య పెట్టింది. ఇప్పుడు అమ్మకివ్వు అన్నారు. హస్తం పెన్ను పట్టుకుని సువార్త వైపు వెళ్ళింది, జానెడు దూరంలో ఆగింది, పక్కకు తిరిగి పెన్నును బల్ల అంచుమీద పెట్టి రెండు వేళ్ళతో ఆమెవైపు తోసింది. మూడుసార్లు చేయిస్తే మూడుసార్లూ అంతే.

"సెన్సారులో ఏదో తేడా ఉంది," అంది సుభాషిణి.

సువార్త ఆ హస్తాన్నే చూస్తోంది. "ఈ చెయ్యి నాకు తెలుసులే అమ్మగారూ," అంది.

"తెలియటమేమిటి?"

"నలభై ఏళ్ళుగా చూస్తన్నా. ఇది పెద్దిళ్ళ చెయ్యి."

"ఊరుకో అమ్మా," అంది ఎస్తేరు సిగ్గుపడుతూ.

"ఊరుకునేదేముంది. ముందు నా బిడ్డకే నేను రోతయ్యాననుకున్నా. పది రోజులు దీంతో మాటాళ్ళా. తర్వాత చూస్తే దీని మొహం ఒకటి చెబుతంది, చెయ్యొకటి చేస్తంది. మా పేట కనకమ్మొచ్చినప్పుడు బాగానే అందిచ్చిద్ది, ఆమె టీచరమ్మ గదా, ఇస్త్రీ చీర కట్టుద్ది."

సుభాషిణి నవ్వేసి, ఒకటి రెండు రోజుల్లో సరిచేస్తానని చెప్పి పంపింది. సువార్త మాటను చదువులేని మనిషి మాటగా కొట్టిపారేసింది. కొట్టిపారేసింది గాని, ఆ మాట మధ్యాహ్నం భోజనం దగ్గర ఆమెకు ముద్ద దిగనివ్వలేదు.

రెండింటికి రహంతుల్లా గదిలోకొచ్చి తలుపు వేశాడు. తరవాత ఆమె కంప్యూటరు తనవైపు తిప్పుకున్నాడు.

"సెన్సారు బాగానే ఉంది మేడం. మీరొకసారి చూడండి."

ఆరు నెలల రికార్డులోంచి 'ఇవ్వటం' అన్న పనిని మాత్రం అతను వేరుచేసి పెట్టాడు. తెరమీద సుభాషిణి చెయ్యి. డైరెక్టరుగారికి ఫైలిస్తోంది, కుడిచేత్తో ఇస్తూ ఎడమచెయ్యి మోచేతికి ఆనించి. మేనకోడలికి గాజుల డబ్బా ఇస్తోంది, అరచేతిలో పెట్టి వేళ్ళు మూసి. పక్కింటావిడకు పెరుగు గిన్నె ఇస్తోంది. తరవాత కోటమ్మ వచ్చింది. కోటమ్మ ఆ ఇంట్లో పదహారేళ్ళుగా అంట్లు తోముతుంది, బట్టలుతుకుతుంది. పెరటి పిట్టగోడమీద కోటమ్మ టీ గ్లాసు. గుమ్మం పక్కన నేలమీద కోటమ్మ టిఫిను. కోటమ్మ రెండు చేతులూ చాపితే వాటిలోకి పైనుంచి జారిన పాత చీర. రోజుకు రెండుసార్ల చొప్పున నూట ఎనభై రోజులు. ఆ చెయ్యి కోటమ్మ చేతికి ఒక్కసారి తగల్లేదు.

ఒక్కసారి తగలబోయింది. అరవై మూడో రోజున పళ్ళెం మార్చుకుంటుంటే కోటమ్మ చూపుడువేలు దగ్గరగా వచ్చింది. తెరమీది చెయ్యి ఉలిక్కిపడి వెనక్కి పోయింది. పోయి, చీర కొంగుకు తుడుచుకుంది. ఆ తుడుచుకోవటం సుభాషిణికి జ్ఞాపకమే లేదు. తల కొట్టేసినట్టయింది ఆమెకు.

"పనిచేసే చెయ్యి, తడిగా ఉంటుంది కదా..." అని మొదలుపెట్టింది. "ఆమె కూతురి నర్సింగు చదువు నేను చెప్పిస్తున్నదే. మా ఇంట్లో ఆ పట్టింపులు..." ఆమెకే వినబుద్ధి కాక మధ్యలో ఆపేసింది.

"మన రికార్డులో కులమన్న గడి ఎక్కడా లేదు మేడం," అన్నాడు రహంతుల్లా. "మనం పెట్టలేదు. పగిలిన అరచెయ్యి, వెలిసిన చీర, గుమ్మం బయట నిలబడే తీరు, ఇవన్నీ కలిపి యంత్రం తనే పోల్చుకుంటోంది. మీరు పెన్ను ఎలా పట్టుకుంటారో నేర్చుకున్నట్టే ఇదీ నేర్చుకుంది."

"నీకెప్పుడు తెలిసింది?"

"నాలుగో నెలలో."

"చెప్పలేదేం మరి?"

"రంజానుకు మా ఇంటినుంచి సేమ్యా తెచ్చిచ్చాను గుర్తుందా మేడం. తీసుకున్నారు, మీ ఆవిడకి థాంక్సు చెప్పు అన్నారు. మూతైనా తియ్యకుండా కారెక్కగానే డ్రైవరుకిచ్చేశారు. అదీ ఉంది ఇందులో. అది చూశాక ఇంక నేనేమని చెప్పను?"

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది సుభాషిణికి.

మర్నాడు పొద్దున ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. టీ గ్లాసు పిట్టగోడమీద పెట్టకుండా పట్టుకుని కోటమ్మ ఎదుట నిలబడింది.

"ఆడ పెట్టండమ్మా, తీసుకుంటా," అంది కోటమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంటూ.

"ఫర్వాలేదు, తీసుకో."

"వొద్దమ్మా, చేతులు బాలేవు."

"కడుక్కున్నావుగా. తీసుకో కోటమ్మా."

కోటమ్మ భయంభయంగా చెయ్యి చాపింది. గ్లాసు ఇద్దరి మధ్యా అటూ కాక ఇటూ కాక జారి కిందపడింది. టీ కోటమ్మ పాదాలమీద ఒలికింది. "నాదే తప్పు, నాదే తప్పు" అంటూ ఆమె చటుక్కున గుడ్డ తెచ్చి నేల తుడవటం మొదలుపెట్టింది. కాళ్ళు కాలాయేమో చూడనీ అని సుభాషిణి వంగబోతే కోటమ్మ గజం దూరం జరిగింది. సుభాషిణికి జాలేసింది, సిగ్గేసింది, వాటి అడుగున ఎక్కడో, గ్లాసు పడిపోయినందుకు, చెయ్యి తగలనందుకు, హమ్మయ్య అని కూడా అనిపించింది. ఆ హమ్మయ్యకు ఆమె హడలిపోయింది.

ఆ హడలులోనే ఆమె చెయ్యకూడని పని చేసింది. తనిఖీ తొమ్మిది రోజుల్లో ఉంది. ఉన్న సంగతి చెబితే పన్నెండేళ్ళ పని ఆగిపోతుంది, పదకొండుమంది చేతులు వెనక్కి తీసుకోవాల్సొస్తుంది. ఇవి పైకి చెప్పుకున్న కారణాలు. లోపలి కారణం ఒక్కటే. ఆ పెద్దిళ్ళ చెయ్యి ఎవరిదో సువార్తకు తెలియకూడదు.

"వెనక్కి లాగే కదలికను అడ్డుకో," అంది రహంతుల్లాతో.

"అడ్డుకోవచ్చు మేడం. వెనక్కి పోదు, అంతే. ముందుకు పోయి ఏం చెయ్యాలో దానికి తెలియదు. అలాంటి మనిషిని పట్టుకున్న రికార్డు మన దగ్గర ఒక్కటి కూడా లేదు."

"మిగతావాళ్ళని పట్టుకున్నట్టే పట్టుకుంటుందిలే."

రహంతుల్లా ఆమె చెప్పినట్టే మార్చాడు. ఎస్తేరును పిలిచి, చిన్న సెన్సారు లోపం, సరిచేశాం అని సుభాషిణి తన నోటితో తనే చెప్పింది. ఆ పిల్ల రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎస్తేరు చర్చి ముందు గాజుల బండి దగ్గర తల్లికి డజను ఆకుపచ్చ గాజులు కొంది. ఇంటికొచ్చి, మంచమ్మీద ఎదురుబొదురుగా కూర్చుని, "ఇప్పుడు చూడు" అని కుడిచెయ్యి చాపింది. హస్తం వెనక్కి పోలేదు. వచ్చి సువార్త వేళ్ళు పట్టుకుంది. సువార్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎస్తేరు ఎడమచేత్తో గాజు ఎక్కించసాగింది. అంతలో హస్తం బిగిసింది. వదులు, వదులు అని ఎస్తేరు మనసులో ఎంత మొత్తుకున్నా ఇంకా బిగిసింది. పటపటమని చప్పుడైతే గాజులు పగిలాయనుకున్నారు. విరిగినవి వేళ్ళు. ఉంగరపువేలు, చిటికెనవేలు.

ఎందుకలా జరిగిందో మర్నాడు రహంతుల్లా తీసి చూపించాడు. అంతగా పగిలి గరుకెక్కిన అరచేతిని ఎలా పట్టుకోవాలో హస్తం తన జ్ఞాపకమంతా గాలించింది. మనుషుల్లో దొరకలేదు. దొరికినవాటిలో దగ్గరిది కొబ్బరికాయ. సుభాషిణి పీచు వలిచేటప్పుడు కాయ జారకుండా బిగించే పట్టు అది.

ఆ మాట విన్నాక సుభాషిణి అట్నుంచటే ఆటో ఎక్కి ఎస్తేరువాళ్ళ కాలనీకి వెళ్ళింది. సువార్త చేతికి కట్టుతో మంచమ్మీద కూర్చుని ఉంది. విప్పేసిన హస్తం కిటికీలో ఒక గుడ్డలో చుట్టి ఉంది. ఎస్తేరు ఎడమచేత్తో తల్లికి అన్నం తినిపిస్తోంది.

"ఎడమచేత్తో పెడతన్నానని ఏమనుకోమాకు అమ్మా," అంటోంది.

"చెయ్యి చెయ్యే," అని సువార్త నోరు తెరిచింది.

సుభాషిణి గుమ్మంలోనే నిలబడి ఇద్దరికీ వినబడేలా చెప్పింది. "సెన్సారు లోపం అని మీకు అబద్ధం చెప్పాను. అందులో లోపం లేదు. అది నా చెయ్యి. ఆర్నెల్లు నేను ఎలా చేశానో అది అలా చేసింది. మిమ్మల్ని ముట్టుకోవటం దానికి రాదని తెలిసి కూడా బలవంతంగా ముట్టించాను. మీ వేళ్ళు విరిగింది నా మూలంగా."

ఎస్తేరు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మొన్నటిదాకా నువ్వు అన్నారు," అంది సువార్త. "ఇయ్యాల మీరంటన్నారు. అట్టా మార్చమాకండి, నాకు తికమకగా ఉంటంది." తరవాత, "తెలిసే చేసేవారా ఇంట్లో, అట్టా పైనించి వెయ్యటం?" అనడిగింది.

"లేదు. తెలియదు."

"అదే మరి. తెలిసి చేసినోళ్ళనైతే నాలుగు తిట్టి నా కడుపుమంట చల్లార్చుకుందును. తెలవకుండా చేసినోళ్ళనేం చేసేది."

ఎస్తేరుకు ఆ ఓర్పు లేదు. లేచి కిటికీలోంచి మూట తెచ్చి సుభాషిణి కాళ్ళదగ్గర పెట్టింది. చేతికివ్వలేదు. "మీ చెయ్యి మీరు తీసకపొండి మేడంగారూ. బళ్ళో మమ్మల్ని దూరంగా కూకోబెట్టినప్పుడు కూడా ఇంత బాధ పళ్ళా. అప్పుడు వేరేవోళ్ళు చేశారు. ఇప్పుడు మా అమ్మకి నాతోనే చేయిచ్చారు."

సుభాషిణి వంగి మూట తీసుకుంది.

కమిటీ వచ్చింది. సెన్సారు లోపం అని రాయండి, ఆరు నెలల గడువిస్తాం, సర్దుకుంటుంది అని పెద్దలు నచ్చజెప్పారు. సుభాషిణి కాగితం తీసుకుని, 'యంత్రంలో లోపం లేదు, అది చూపినదే నేర్చుకుంది, చూపిన చెయ్యి నాది' అని రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం పత్రికలకెక్కింది. అన్నగారు ఫోను చేసి, ఇంటి గుట్టు రచ్చకీడ్చావు, మనవాళ్ళందరి మొహాన పేడనీళ్ళు చల్లావు అని అరిచి పెట్టేశాడు. ప్రాజెక్టు పెద్దరికం ఇంకొకరికిచ్చి ఆమెను సలహాదారుగా ఒక మూలగదిలో కూర్చోబెట్టారు. ఇవన్నీ ఆమె ముందే అనుకున్నవి. చేతులు వెనక్కి తీసుకునేటప్పుడు ఆ పదకొండుమంది మొహాలు ఎలా ఉంటాయో మాత్రం అనుకోలేదు. తెనాలినుంచి వచ్చిన డ్రాయింగు మాస్టారొకాయన హస్తం విప్పి బల్లమీద పెట్టి, "నా చెయ్యి ఎవర్నీ ఏమీ అనలేదమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఆయన మసిలే చోట్ల రోజంతా వెతికినా ఆ చెయ్యి వెనక్కి తగ్గాల్సిన మనిషి ఒక్కరూ ఎదురుకారు.

ఎస్తేరు మూడు వారాలు మొండిచేత్తోనే ఉంది. కుట్టుపని పోయింది. చివరికి రహంతుల్లాకు ఫోను చేసింది. "చెయ్యి కావాలి నాకు. కానీ మా అమ్మ చెయ్యి కావాలి. ఆమె వేళ్ళు బాగయినాక తొడుగు ఆమెకేసి నేర్పండి."

"నా చేతికేం తెలుసమ్మా, చీపురూ పారా తప్ప," అంది సువార్త. కాని కూతురు పట్టు పట్టింది.

ఇంకో షరతు కూడా పెట్టింది ఎస్తేరు. తల్లి ఎక్కడెక్కడ తిరుగుతుందో, ఎవరేమంటారో ఆ రికార్డు ఒక్కరు కూడా చూడకూడదు. యంత్రం ఒక్కటే చూడాలి. సుభాషిణి వెంటనే ఒప్పుకోవాలని గట్టిగా వాదించింది. చూడాల్సిన పనేముంది? ఆమె చేతికి అంటరానివాళ్ళు లేరు. మురిక్కాలవలో చెయ్యి పెట్టిన మనిషి, పక్కింటి పసిగుడ్డుకు నీళ్ళుపోసే మనిషి. ఆ చెయ్యి నేర్పితే ఎవరిముందూ వెనక్కి తగ్గదు. సుభాషిణి ఆ మాట మూలగదిలో కూర్చుని అందరికీ చెప్పింది. ఆమెకు అది తన పాపానికి దొరికిన విరుగుడులా తోచింది.

కట్టు విప్పారు. ఉంగరపువేలు కాస్త వంకరగా అతుక్కుంది. నాలుగు నెలలు సువార్త తొడుగు తొడుక్కుని తెల్లారుగట్ల వీధులూడ్చింది, చెత్తబండి తోసింది, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర నిలబడింది, ఇంటికొచ్చి వండింది, కూతురి తల దువ్వింది.

కొత్త హస్తం తగిలించిన మధ్యాహ్నం సుభాషిణిని కూడా పిలిచారు. ఆమె గోడపక్కన నిలబడింది. ఎస్తేరు హస్తాన్ని అటూఇటూ తిప్పి చూసుకుని, ముందుగా తల్లివైపు తిరిగింది. హస్తం సూటిగా వెళ్ళి సువార్త చేతిని అందుకుంది. వంకర వేలిని బొటనవేలితో మెల్లిగా నిమిరింది. జారిన కళ్ళజోడును పైకి తోసింది. చెంపమీది జుట్టు చెవివెనక్కి సర్దింది.

"నా చెయ్యే," అంది సువార్త నమ్మలేనట్టు. రహంతుల్లా కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఎస్తేరు తల్లి చెయ్యి వదిలి చుట్టూ చూసింది. చూపు సుభాషిణి దగ్గర ఆగింది.

"మేడంగారూ, ఇట్టా రండి," అంది. "మీ మొహం మళ్ళీ చూడగూడదనుకున్నా. కాయితంలో ఉన్నదున్నట్టు రాశారని రహంతుల్లాగారు చెప్పారు. పోనీలే అనుకున్నా. చెయ్యివ్వండి."

సుభాషిణి ముందుకొచ్చి చెయ్యి చాపింది. ఎస్తేరు కూడా చాపింది. హస్తం పైకి లేచింది, కొంతదూరం వచ్చింది, జానెడు దూరంలో ఆగింది. ఆగి, అరచెయ్యి పైకి తిరిగింది. వేళ్ళు దగ్గరకొచ్చి దోసిలి పట్టినట్టు వంగాయి. నెమ్మదిగా నడుముదాకా కిందకు దిగి, అక్కడ నిలబడింది.

పైనుంచి ఏదో పడుతుందని చూస్తోంది ఆ చెయ్యి.

ఎస్తేరు మొహం పాలిపోయింది. "నేనిట్టా అనుకోలా," అంది. "పట్టుకోవాలనుకున్నా." భుజం ముందుకు తోసింది. హస్తం అంతే వెనక్కి వచ్చి, మళ్ళీ దోసిలి పట్టింది.

సుభాషిణికి అప్పుడర్థమయింది. నాలుగు నెలల్లో సువార్త ఎన్ని గేట్లముందు నిలబడి ఉంటుంది. మిగిలిన కూర, తాగటానికి నీళ్ళు, చిరిగిన దుప్పటి, ఎన్ని పైనుంచి పడి ఉంటాయి. తమలాంటి వాళ్ళెవరైనా ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆమె చేతిలో చెయ్యి పెట్టి ఇచ్చి ఉంటే, ఈ హస్తానికి ఆ ఒక్కటైనా తెలిసేది. తను ఒక అడుగు ముందుకు వేసింది. హస్తం వెనక్కి జరిగింది. ఇంకో అడుగు వేసింది. అది ఎస్తేరు కడుపుకు ఆనుకునేదాకా పోయింది.

"ఆగండమ్మా," అంది సువార్త. "మీరు దగ్గరకొస్తే మేం జరగాల. దానికదే తెలుసు. కసురుకున్నట్టు మీదికి రామాకండి."

సుభాషిణి ఆగింది. మెల్లిగా నేలమీద కూర్చుంది. తన కుడిచేతిని ఆ దోసిలి కిందుగా, అరచెయ్యి పైకి పెట్టి, అడుగుతున్నట్టు చాపింది. ఆ పాత బెదురు ఇంకా ఉంది, ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా చెయ్యి తియ్యలేదు.

హస్తం వెనక్కి పోలేదు. కిందకూ రాలేదు. ఆ నాలుగు నెలల్లో దానికంటే కిందుగా ఎవరూ చెయ్యి చాపలేదు గనక, అలాంటప్పుడు ఏం చెయ్యాలో దానికి చూపినవాళ్ళు లేరు. వేళ్ళు సగం తెరుచుకుని, అలాగే ఉండిపోయింది.